కన్నడంలో ముందే జరిగిన కథ

సీరియళ్లలో వాళ్ల ఇళ్లకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పెళ్లయి మడకశిర దగ్గరి ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి వదలకుండా చూస్తున్నాను. అంత పెద్ద ఇంట్లో, అంతమంది ఉండే ఇంట్లో, నీళ్లు వచ్చాయా అని ఒక్కరూ ఒక్కసారైనా అడగరు. వాళ్ల బోరు ఎండిపోదు, మోటారు కాలిపోదు. కోపమొస్తే అత్తగారు కోడలి మొహాన చెంబెడు నీళ్లు కొడుతుంది. కోడలు ఏడుస్తుంది, వెనక వయొలిన్ మోగుతుంది, ఆ నీళ్లు మాత్రం ఎవరికీ పట్టవు. మా ఇంట్లో అలా జరిగితే ముందు నీళ్ల సంగతి తేలాలి, కోడలి సంగతి తర్వాత చూస్తారు.

ఇలాంటి సందేహాలు నా దగ్గర బోలెడు ఉన్నాయి. నగలన్నీ పెట్టుకుని పడుకుంటే మెడకు ఒరుసుకోదా? విలన్ తన కుట్రంతా మనసులో అనుకుంటున్నప్పుడు పక్కనే నిలబడిన మనిషి అంతసేపు ఏం చేస్తూ ఉంటాడు? ఒక చెంపదెబ్బను మూడు వైపుల నుంచి చూపిస్తే నొప్పి మూడింతలు అవుతుందా? పాటల పోటీలో పాడే పిల్లల కన్నా జడ్జీలే ఎక్కువ ఏడుస్తారు, అది ఎందుకు? ఇన్ని వంకలు పెట్టేదానివి చూడ్డమెందుకని మా ఆయన అడుగుతాడు. చూడకపోతే వంకలు ఎలా పెడతాను? నాకు సీరియళ్లంటే ప్రాణం. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

నేను పుట్టి పెరిగింది బత్తలపల్లె వైపు. మా ఇంట్లో టీవీ ఉండేది కానీ అందులో వచ్చేదంతా తెలుగే. ఇక్కడికి వచ్చాకే కథలకు రెండు భాషలు ఉంటాయని తెలిసింది. ఆ సంగతి తెలిపింది మా అత్త. ఆమె పుట్టిల్లు సరిహద్దు అవతల, పావగడ వైపు. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో చదివింది కన్నడం. అందుకని మా డిష్‌కు తెలుగు ప్యాకుతో పాటు కన్నడ ప్యాకు కూడా ఉంటుంది. మా వీధిలో ఇంకెవరింట్లోనూ అలా లేదు. అందరికీ కన్నడం వచ్చు. సంతలో గొర్రెలు బేరమాడటానికి, బస్సులో సీటు కోసం తగాదా పడటానికి వాళ్లకు ఆ కన్నడం సరిపోతుంది. కూర్చుని ఏడవడానికి మాత్రం తెలుగే కావాలి.

కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం మా అత్త పక్కన కూర్చుని కన్నడ సీరియల్ చూస్తున్నాను. మాటలు తెలియవు. అయినా ఆ కథ ఎక్కడో చూసినట్టే ఉంది. రైస్ మిల్లు ఉన్న పెద్దింటికి పూలమ్ముకునే ఆయన కూతురు కోడలిగా పోవడం, తోడికోడలు ఆమె మీద లేనిపోనివి చెప్పడం, అంతా తెలుగులో నేను చూస్తున్నదే. ఒకరిద్దరు తప్ప మనుషులు వేరు, ఇల్లు వేరు, చీరలు వేరు. తెలుగులో మేడమెట్లు ఇంటి లోపల ఉంటే కన్నడంలో నడుమ వాకిలి ఉండే తొట్టికట్టు ఇల్లు. తెలుగులో పండగకు పులిహోర, కన్నడంలో హోళిగె, అంటే మన బొబ్బట్లు. కథ మాత్రం అదే.

"అత్తా, మనోళ్ల కథను వీళ్లు తీసుకున్నారా?" అని అడిగాను.

"వీళ్ల కథనే మనోళ్లు తీసుకున్నారు," అంది మా అత్త తలతిప్పకుండా. "ఈడ అయిపోయిన ఆర్నెల్లకు ఆడ వస్తాది."

అప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ గుర్తుంది. తెలుగులో నేను గోళ్లు కొరుక్కుంటూ ఎదురు చూస్తున్నదంతా మా అత్తకు ఆర్నెల్ల ముందే తెలుసు. తెలిసి కూడా మళ్లీ తెలుగులో కూర్చుని చూస్తుంది. ఏమవుతుందో తెలిశాక ఇంకేం చూస్తావని అడిగితే, ఎట్లయితాదో చూసేదానికి అంది. ఆ జవాబు నాకు నచ్చింది. ఆ తర్వాత నేనూ వంటింట్లో రొట్టెలు కాలుస్తూ కన్నడం చెవిన వేసుకోవడం మొదలుపెట్టాను. రెండేళ్లు తిరిగేసరికి ఏడుపులూ తిట్లూ అన్నీ అర్థమయ్యేవి. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లు కూడా లేరు.

వీధిలో మా అత్తకు ఎంత పేరుండేదో చెప్పాలి. చలికాలం పోయాక మా ఊళ్లో ఆడవాళ్లకు చింతపండు పని ఉంటుంది. వ్యాపారి ఆటోలో మూటలు దించి పోతాడు. పెంకు ఒలిచి, ఈనెలు లాగి, పండును చిన్న ఇనుప కడ్డీతో కొట్టి గింజ తీయాలి. ఎవరింట్లో వాళ్లు చేసుకోవచ్చు. కానీ ఒక్కరే కూర్చుని కొడితే పొద్దు పోదు కదా, అందుకని మధ్యాహ్నం అందరూ మూటలు, రాళ్లు, కడ్డీలు తీసుకుని మా నడవలోకి వచ్చేవాళ్లు. ముందురోజు తెలుగు సీరియల్ ఆ వేళకు మళ్లీ వేస్తారు. హీరోయిన్ మాట్లాడితే కడ్డీలన్నీ ఆగిపోయేవి. ప్రకటనలు రాగానే మళ్లీ టకటకా మొదలయ్యేవి. చేతులన్నీ చింతపండు జిగటే కాబట్టి రిమోటును ప్లాస్టిక్ కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేశాం. దాన్ని ముట్టుకునే హక్కు మా అత్తకు ఒక్కదానికే.

ఎదురింటి పెద్దమ్మ మా అత్త ఈడుదే. చింతపండు కొట్టడంలోనూ మాట్లాడటంలోనూ ఆమెదే పై చెయ్యి. ఆమె అడిగేది, "ఏమక్కా, ఈ తోడికోడలు ఎప్పుడు దొరుకుతాదో చెప్పు," అని. మా అత్త చెప్పేది. చెప్పినట్టే అయ్యేది. హీరోయిన్ నాయన వేషం రెండు భాషల్లోనూ ఒకాయనే వేశాడు. కన్నడంలో ఆయన గుండె ఆగి చనిపోయాడు. తెలుగులో ఇంకా బతికి కూతురి ముందు కూర్చుని ఇడ్లీలు తింటున్నాడు. మా అత్త ఆయన్ని చూసి నిట్టూర్చి, "తిననీ పాపం, శివరాత్రి దాటడు," అంది. ఆయన నిజంగానే శివరాత్రికి ముందు పోయాడు. ఆ మధ్యాహ్నం ఆడవాళ్లు టీవీని చూడలేదు, మా అత్తనే చూశారు. ఆమె మాత్రం గర్వం బయటికి కనపడనీయకుండా కవర్ మీద నుంచే రిమోటు నొక్కి సౌండు పెంచింది.

ఒక ఇంట్లో కొంతమందిని వేసి తలుపులు మూసే షో వస్తుంది చూడండి, అది మాత్రం ఆమెకు గిట్టదు. "తినేది, కూచునేది, కొట్లాడేది. దానికి అన్ని కెమెరాలెందుకమ్మే, మన వీధిలో ఒగటి పెడితే చాల్దా?" అనేది. ఆ షోలో ఏమవుతుందో ఎవరికీ ముందు తెలియదు కాబట్టి ఆమెకు నచ్చలేదేమో అని నా అనుమానం.

ఆ శివరాత్రి పోయిన కొన్నాళ్లకే మా ఆడబిడ్డ ఒక బ్యాగుతో బస్సు దిగి ఇంటికి వచ్చింది.

మా ఆడబిడ్డ అంటే మా ఆయన చెల్లెలు. నా ఈడుదే. పెళ్లికి ముందు హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో కుట్టేది. సోమందేపల్లెకు ఇచ్చారు. అక్కడి నుంచి కూడా ఫ్యాక్టరీ బస్సులో పనికి పోతూ వచ్చింది. మొగుడు మంచివాడనే అందరూ అన్నారు. తాగడు, ఎవరినీ ఒక మాట అనడు. కానీ సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడేవాడట. బస్సులో నీ పక్కన ఎవరు కూర్చున్నారని రోజూ అడిగేవాడట. కొన్నాళ్లకు ఆమె సెల్లు తన దగ్గరే పెట్టుకున్నాడు. ఇంకొన్నాళ్లకు పని మాన్పించాడు. చివరికి తను పనికి పోతూ బయటి నుంచి గొళ్లెం పెట్టి పోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు గొళ్లెం తీసి ఉన్న వేళ చూసుకుని వచ్చేసింది.

ఆ సమయానికి తెలుగు సీరియల్లో హీరోయిన్ కూడా మొగుడి అనుమానం భరించలేక పుట్టింటికి వచ్చి ఉంది. అది ఎవరూ కావాలని పెట్టింది కాదు. అయినా మధ్యాహ్నం మా నడవలో కూర్చున్న ఆడవాళ్లకు అది చాలా ఇబ్బందిగా ఉండేది, చాలా ఆసక్తిగా కూడా ఉండేది. టీవీలో హీరోయిన్ ఏడుస్తుంటే మా ఆడబిడ్డ గోడకు ఆనుకుని చింతగింజలు ఏరుతూ ఉండేది. ఒకసారి నాతో మెల్లగా అంది.

"సీరియల్లో అయితే ఎవరో ఒగరు చెప్పుడు మాటలు చెప్తారు వదినా. మా ఇంట్లో ఎవరూ చెప్పలా. ఆయప్పకు ఆయప్పే చెప్పుకున్నాడు."

ఆ మాట నా మనసులో చాలా రోజులు తిరిగింది. నిజమే కదా, సీరియళ్లలో చెడ్డతనం ఎప్పుడూ ఇంకొకరిదే. తోడికోడలు పోతే మొగుడు మంచివాడైపోతాడు. తోడికోడలే లేని ఇంట్లో ఏం చేయాలో ఏ సీరియలూ చెప్పదు. ఎందుకు చెప్పదు? రాసేవాళ్లకు తెలియదా, తెలిసి కూడా చెప్పరా? ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

సోమందేపల్లె వాళ్లు మనుషులతో వచ్చి మాట్లాడి పోయారు. ఉగాది పోయాక ఆదివారం రెండు వైపుల పెద్దమనుషులూ మా ఇంట్లో కూర్చుంటారని తేలింది. మా మామ గొర్రెలు మేపుకునే మనిషి, నలుగురి మాటకు విలువిచ్చే మనిషి. "కొట్టలా, తిట్టలా. గొళ్లెం పెట్టిందానికే వచ్చేస్తారా అని నన్ను అడుగుతాండారు. ఏం చెప్పాల నేను? బుద్ధి చెప్పి పంపిద్దాం," అన్నాడు. మా ఆయన అవుననలేదు, కాదనలేదు. నాకు ఒళ్లు మండింది కానీ కోడలిని, నా మాట ఎవరు వింటారు? నేను చూసింది మా అత్త వైపు. ఆమె చేటలో రాగులు చెరుగుతూ నోరు మెదపలేదు. మామ నలుగురిలో ఒప్పుకున్న మాటకు అడ్డం పోవడం ఈ ఇంట్లో ఎన్నడూ జరిగినట్టు లేదు. టీవీ ముందు అంత మాట్లాడే మనిషి, కన్నకూతురి విషయంలో ఇంత మౌనంగా ఉందేమిటా అని నాకు ఆమె మీదా కోపం వచ్చింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కన్నడంలో ఆ హీరోయిన్ మొగుడి ఇంటికి తిరిగి పోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి కళ్లారా చూశాను. మొగుడు కాళ్ల మీద పడ్డాడు. తోడికోడలి గుట్టు బయటపడింది. హారతి ఇచ్చారు. కొత్త పెళ్లికూతురిలాగా గడప మీద బియ్యం పోసిన సేరు పెట్టించి కాలితో తన్నించి లోపలికి తీసుకుపోయారు. పాట వచ్చింది. మా అత్త పాట అయ్యేదాకా ఉండకుండా టీవీ కట్టేసింది. మా ఆడబిడ్డ అప్పుడు వెనక దొడ్లో బట్టలు తీస్తోంది.

మరుసటి మధ్యాహ్నం ఎప్పటిలాగే అందరూ వచ్చారు. తెలుగులో హీరోయిన్ ఇంకా పుట్టింట్లోనే ఏడుస్తోంది. ప్రకటనలు వచ్చాయి. కడ్డీలు మొదలయ్యాయి. ఎదురింటి పెద్దమ్మ తలెత్తకుండా అడిగింది.

"ఏమక్కా, కన్నడంలో ఈ పిల్ల ఏం జేసింది? మళ్లా పోయిందా మొగుని కాడికి?"

ఒక్కొక్క కడ్డీ ఆగిపోయింది. ప్రకటనలు వస్తున్నప్పుడు అలా ఆగడం నేను ఎన్నడూ చూడలేదు. ఎవరూ టీవీ వైపు చూడటం లేదు, మా ఆడబిడ్డ వైపు కూడా చూడటం లేదు. అందరూ తమ ముందున్న చింతపండునే చూస్తున్నారు. ఆదివారం పంచాయితీ ఉందని వీధికంతా తెలుసు. పిల్ల ఎదురుగా కూర్చుని ఉండగా ఆమె సంగతి అడగలేరు కాబట్టి టీవీలో పిల్ల సంగతి అడిగారు. మా వైపు ఇది మామూలే. ఎవరిని గురించి మాట్లాడాలన్నా సీరియల్లో ఎవరో ఒకరు దొరుకుతారు.

"పోలా," అంది మా అత్త.

నేను వంటింట్లో పిండి కలుపుతున్నాను.

"పోలేదా?" అంది పెద్దమ్మ. "మరి యాడుండాది?"

"పనికి పోతాండాది. మిషను కుట్టేది వచ్చు గదా ఆ పిల్లకు. ఫ్యాక్టరీలో చేరింది. ఆడనే రూము తీసుకోని ఉండాది."

"వాళ్ల నాయన ల్యాకపాయ. వాళ్లమ్మ ఏమన్లేదా?"

"వాళ్లమ్మ ఏమంటాది," అంది మా అత్త. "పొమ్మనింది."

నాకేమీ అర్థం కాలేదు. మర్చిపోయిందా అనుకున్నాను. నిన్న సాయంత్రం చూసింది ఇవాళ ఎలా మర్చిపోతుంది? ఇంకో సీరియల్‌తో కలిపేసుకుందా? అదీ కాదు. ఆ సీరియల్లో హీరోయిన్‌కు దండలు కట్టడం వచ్చు కానీ మిషను కుట్టడం ఎప్పుడూ రాలేదు. మెల్లగా తొంగి చూశాను. మా అత్త మొహంలో ఏ మార్పూ లేదు. కవర్లో రిమోటును పైకీ కిందికీ తిప్పుతూ ఉంది. మా ఆడబిడ్డ తల వంచుకుని గింజలు ఏరుతూనే ఉంది.

ఆ రోజుతో అయిపోలేదు. ఆదివారం దాకా ప్రతి మధ్యాహ్నం ఆడవాళ్లు తరువాయి అడగడం, మా అత్త చెప్పడం. మొగుడు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడట. గేటు కాడ వాచ్‌మన్ నీకేం పనప్పా ఈడ అని పంపేశాడట. ఆ పిల్లతో పాటు రూములో ఇంకో అమ్మాయి ఉంటుందట, ఇద్దరూ పొద్దున్నే సంగటి కెలుక్కుని డబ్బాలో పెట్టుకుంటారట. బస్సు రాకముందే రోడ్డు మీదికి వచ్చి నిలబడతారట. బస్సులో కూర్చుంటే అప్పుడప్పుడూ ఏడుపు వస్తుందట, దిగేసరికి తుడుచుకుంటుందట. మొదట్లో ఊళ్లో నోటికొచ్చినట్టు అనుకున్నారట, తర్వాత వాళ్ల పనుల్లో వాళ్లు పడిపోయారట.

నేను ఇన్నేళ్లుగా సీరియళ్లు చూస్తున్నాను. బస్‌స్టాపులో నిలబడిన హీరోయిన్‌ను నేను ఏ భాషలోనూ చూడలేదు. డబ్బాలో సంగటి పెట్టుకున్న హీరోయిన్‌ను అసలే చూడలేదు. ఇదంతా మా అత్త ఎప్పుడు కూర్చుని అల్లుతోంది? రాగులు చెరుగుతున్నప్పుడా? గొర్రెపిల్లలకు పాలు పట్టిస్తున్నప్పుడా? రేపటికి ఏం చెప్తుందో అని నాకు నిజమైన సీరియల్ కన్నా ఎక్కువ ఆత్రంగా ఉండేది. వింటున్న ఆడవాళ్లకూ అలాగే ఉండేది. "కన్నడమోళ్లు శానా బాగా తీస్తారక్కా," అంది ఒకామె. మా అత్త తల ఊపింది.

ఆదివారం వచ్చింది. పెద్దమనుషులు నడవలో చాపల మీద కూర్చున్నారు. సోమందేపల్లె వాళ్లు చెప్పాల్సింది చెప్పారు. మొగుడు తల వంచుకుని, ఇంకెప్పుడూ గొళ్లెం పెట్టనన్నాడు. ఏమప్పా, ఇంకేం కావాలని పెద్దమనుషుల్లో ఒకాయన మా మామను అడిగాడు. మా అత్త టీ గ్లాసులు అందిస్తోంది. "నువ్వేమంటావమ్మా?" అని ఆమెనూ అడిగారు. "నాదేముండాది, మీరు పెద్దోళ్లు," అని ఖాళీ ప్లేటు పట్టుకుని లోపలికి వచ్చేసింది. వచ్చి నా పక్కన నిలబడింది. ఖాళీ ప్లేటును కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

అప్పుడు మా ఆడబిడ్డను పిలిచి అడిగారు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"నేను పోను. ఫ్యాక్టరీలో అడిగినా. రమ్మన్నారు. ఆడనే రూము తీసుకుంటా."

పెద్దమనుషులు చాలా చెప్పారు. మా మామ కోప్పడ్డాడు, తర్వాత కండువాతో మొహం తుడుచుకుని ఊరుకున్నాడు. వాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆ వారంలోనే మా ఆయన చెల్లెల్ని హిందూపురంలో దిగబెట్టి వచ్చాడు.

ఇక్కడితో ముగిస్తే బాగానే ఉంటుంది. కానీ తెలుగు సీరియల్ ఆగదు కదా.

చింతపండు మూటలు తగ్గి ఎండలు ముదిరాక కూడా ఆడవాళ్లు అలవాటుగా వస్తూనే ఉన్నారు. వానలు పడాల్సిన రోజుల్లో, పడకుండా మబ్బులు తేలిపోతున్న ఒక మధ్యాహ్నం, తెలుగులో హీరోయిన్ మొగుడి ఇంటికి పోయింది. కాళ్ల మీద పడటం, హారతి, పాట, అన్నీ ఉన్నాయి. నడవలో అందరూ మా అత్త వైపు తిరిగారు.

"తెలుగోళ్లు మార్చినట్టుండారు," అంది మా అత్త.

అంతటితో వదిలేవాళ్లేమో. కానీ ఎదురింటి పెద్దమ్మ కోడలు సెల్లు తీసి కన్నడం ముక్క వెతికి అందరి ముందూ పెట్టింది. చిన్న స్క్రీన్ మీద కన్నడ హీరోయిన్ బియ్యం సేరు తన్ని లోపలికి పోయింది.

"ఏమక్కా, ఈడా పాయ గదా. నువ్వేమో ఫ్యాక్టరీ అంటివి, రూము అంటివి."

"అవునేమో," అంది మా అత్త. "ఇంగేదో అనుకోని చెప్పినట్టుండా. వయసైపాయ, మతికుండల్యా."

అందరూ నవ్వారు. మంచిగానే నవ్వారు, కానీ నేను నవ్వలేకపోయాను. ఏ సీరియల్లో ఎవరు ఏ రంగు చీరలో చనిపోయారో చెప్పగల మనిషి, తనకు మతిలేదని నలుగురిలో ఒప్పేసుకుంది. ఆ తర్వాత ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. "అక్కను అడగొద్దు, సెల్లులో చూడు," అనడం మా వీధిలో వేళాకోళమైపోయింది. కొంతమంది రావడం మానుకున్నారు. పిల్ల కాపురం పోయిన బాధతో ఆమెకు అలా అయిందని కూడా అనుకున్నారు. మా అత్త ఒక్కమాట తిరిగి అనలేదు. నేనే చాలాసార్లు నోటిదాకా వచ్చిన మాటను మింగాను. అసలు సంగతి బయట పెడితే ఆమె చేసినదంతా చెడగొట్టినట్టు అవుతుందని భయం.

ఒక ఆదివారం మా ఆడబిడ్డ ఇంటికి వచ్చింది. కాస్త ఒళ్లు చేసింది. వెనక దొడ్లో ఇద్దరమే ఉన్నప్పుడు ఇక ఆపుకోలేక చెప్పేశాను. మీ అమ్మ నీకోసం కథ మార్చి చెప్పిందనీ, కన్నడంలో ఆ పిల్ల ముందే వెళ్లిపోయిందనీ, ఇప్పుడు వీధిలో అందరూ ఆమెను ఆట పట్టిస్తున్నారనీ చెప్పాను. నీకు తెలియక నిజమనుకున్నావు, తెలిస్తే ఏమనుకుంటావోనని భయంగా కూడా ఉందన్నాను.

ఆమె బట్ట పిండుతూ ఆగింది.

"నాకు తెలుసు వదినా. ఆ సాయంత్రమే అన్న సెల్లులో చూసినా. ఆ పిల్ల పోయిందని తెలుసు. నేనూ పోవాల్సిందే అనుకోని రాత్రంతా ఏడ్చినా. మరుసటి పొద్దు అమ్మను అడిగినారు గదా. సీరియల్ గురించి మా అమ్మ ఒగ మాట తప్పు చెప్పగా నేను పుట్టినప్పటినుంచీ చూళ్లేదు. అట్లాంటి మనిషి వీధంతా కూచోనుండగా పోలా అని చెప్పింది. నాకోసం చెప్పిందని అప్పుడే తెల్సిపాయ. పోవద్దు అని ఇంట్లో ఒగరైనా అంటారేమో అని కాసుకోనుంటి వదినా. అనింది."

నాకు కన్నీళ్లు ఆగలేదు. సీరియల్లో ఏడ్చినంత సేపు ఏడ్చాను. వయొలిన్ ఒక్కటే తక్కువ.

సాయంత్రం కన్నడ సీరియల్ వేళకు మా అత్త ఎప్పటిలాగే టీవీ ముందు కూర్చుంది. ఆమె కూతురు పోయి పక్కన కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. తెరమీద ఆ రైస్ మిల్లు ఇంట్లో ఎవరిదో సీమంతం జరుగుతోంది.

"మా," అంది మా ఆడబిడ్డ. "ఆ పిల్ల ఇప్పుడెట్లుండాది? ఫ్యాక్టరీలో చేరింది జూడు, ఆ పిల్ల."

మా అత్త కూతురి వైపు తిరగలేదు. రిమోటు తీసి సౌండు పూర్తిగా తగ్గించేసింది.

"నేను చెప్పేది అయిపాయ. ఇంగ నువ్వే చెప్పాల," అంది. తర్వాత, "తింటాండాదా సరిగ్గా?" అని అడిగింది.

"తింటాండాది మా," అంది కూతురు.